కోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, కోర్టులో పనిచేసినవాడివి కాబట్టి ఎవరైనా గొప్ప న్యాయమూర్తి గురించి రాయమన్నారు. జడ్జీల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. బెంచి కింద బల్ల దగ్గర కూర్చున్న మనిషి గురించి రాసేవాళ్లే తక్కువ. ముప్పై ఏళ్లకు పైగా నేను కూర్చున్నది ఆ బల్ల దగ్గరే. అందుకే ఆ బల్ల దగ్గరి మనిషినే ఎంచుకున్నాను. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. కాశీయాత్ర చరిత్ర రాసినాయనగా మన తెలుగు మాస్టార్ల దగ్గర ఈ పేరు వినే ఉంటారు. ఆయన జీతం తీసుకున్నది మాత్రం కోర్టు దుబాసీగా.

వీరాస్వామయ్య 1780లో చెన్నపట్నంలో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. ఇల్లు గడవాలంటే ఆ ఊళ్లో ఇంగ్లీషు రావాలి. పన్నెండేళ్లు వచ్చేసరికి ఇంగ్లీషు ధారాళంగా చదవగలిగి, కుంపిణీ వారి బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో వాలంటీరుగా చేరారు. మన బడిలో ఆ వయసుకి ఏడో తరగతిలో ఉంటాం. తర్వాత అంచెలంచెలుగా పైకి వచ్చి, చెన్నపట్నం సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్ అయ్యారు.

ఆ కోర్టు సంగతి కొంచెం చెప్పాలి. చెన్నపట్నంలో ఇంగ్లీషు వారి న్యాయస్థానాలు పురపాలక సంఘం కంటే ముందే ఉన్నాయి. 1688లో అక్కడ కార్పొరేషన్ ఏర్పడినప్పుడు మేయరూ ఆల్డర్మెన్లూ కలిసి తగాదాలు తీర్చే మేయర్స్ కోర్టు వచ్చింది. వర్తకం చేసుకునేవాళ్లే తీర్పరులు. చట్టం చదివినవాళ్లు తక్కువ. దాని మీద ఫిర్యాదులు పెరిగి, 1798లో రికార్డర్స్ కోర్టూ, 1801లో రాజుగారి పేర సుప్రీంకోర్టూ వచ్చాయి. సర్ థామస్ స్ట్రేంజ్ మొదటి చీఫ్ జస్టిస్. హిందూ ధర్మశాస్త్రం మీద ఇంగ్లీషులో పెద్ద పుస్తకం రాసింది ఈయనే. వీరాస్వామయ్య కాశీ వెళ్లిన రోజుల్లో చీఫ్ జస్టిస్ సర్ రాల్ఫ్ పామర్.

ఇప్పుడు ఆ హాలును ఒకసారి ఊహించుకోండి. పైన ఇంగ్లండు నుంచి వచ్చిన జడ్జీలు. వాదించే బారిస్టర్లూ అక్కడివాళ్లే. బోనులో నిలబడేది మాత్రం తెలుగో అరవమో తప్ప మరొకటి రాని మనిషి. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేర్చేది దుబాసీ. సాక్షి ఏం చెప్పాడన్నది జడ్జీకి తెలిసేది ఆయన నోటి నుంచే. ఆస్తి పోవడమైనా, ఉరి పడడమైనా ఆ నోటి మీద ఆధారపడే సందర్భాలు ఉంటాయి.

ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. నేను పనిచేసిన ఒక మేజిస్ట్రేటు కోర్టులో ఒక ముసలమ్మ, అల్లుడు తన కడుపు కొట్టాడని వాంగ్మూలమిచ్చింది. కొత్తగా వచ్చిన కుర్రాడు దాన్ని పొట్ట మీద దెబ్బగా ఇంగ్లీషులోకి దించాడు. గాయం సర్టిఫికెట్ ఏదని డిఫెన్సు ప్లీడరు లేచాడు. కేసు మొత్తం అక్కడ తలకిందులయ్యేది. ఆ పూట బెంచి మీదున్న మేజిస్ట్రేటు తెలుగువారు కాబట్టి, ఆమె చెప్పింది పొలం లాక్కున్న సంగతని తెలుసుకుని సరిచేయించారు. వీరాస్వామయ్య కాలంలో అలా సరిదిద్దడానికి బెంచి మీద తెలుగు తెలిసినవాళ్లు లేరు. ఆయన తప్పు వింటే అదే రికార్డు. అలాంటి చోట చాలా ఏళ్లు మంచిపేరుతో నిలిచారంటే, అది నాకు కాశీయాత్ర కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

యాత్ర సంగతికి వస్తాను. కోర్టు వారి సెలవు తీసుకుని 1830 మే 18న బయలుదేరారు. బంధువులూ పరిచారకులూ బోయీలూ అంతా కలిసి దాదాపు నూరుమంది. తిరుపతి మీదుగా మన కడప జిల్లాలోకి వచ్చి, ఒంటిమిట్ట, కడప దాటి, అహోబిలం, శ్రీశైలం చూసుకుని, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ చేరారు. గయ, కలకత్తా, జగన్నాథం చూసి తీరం వెంట 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పైమాట.

దారి పొడుగునా ఆయన చూసిన చూపు కోర్టు గుమాస్తా చూపు. ఊరికీ ఊరికీ ఎంత దూరం, నీళ్లు మంచివా ఉప్పవా, అంగళ్లలో ఏం దొరుకుతుంది, దిగడానికి సత్రముందా, బాట ఎలాంటిది, ఇవన్నీ సాక్ష్యం రాసినట్లు రాశారు. నిజాం ఇలాకాలో అడుగడుగునా సుంకం చౌకీలు యాత్రికుల్ని పీడించడం, ఎవడిపడితే వాడు ఆయుధం పట్టుకు తిరగడం ఆయనకు మింగుడుపడలేదు. ఇంగ్లీషు వారి పాలన మీద ఆయనకు మొగ్గు ఉందన్నది నిజమే. వాళ్ల కోర్టులో ఉప్పు తిన్న మనిషి. అది దృష్టిలో పెట్టుకునే చదవాలి. అయినా చూసింది చూసినట్లు రాసిన చోట్లే ఎక్కువ. భాష కూడా అంతే. పండితులు గ్రాంథికం తప్ప ముట్టని రోజుల్లో, కచ్చేరీలో నలిగిన వాడుక మాటలతో రాశారు. బోనులో జనం మాట రోజూ వినే మనిషికి అలా రాయడం సహజమే అనుకుంటాను.

అవన్నీ ఆయన తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపినవి. వీరాస్వామయ్య 1836 అక్టోబరు 3న చనిపోయారు. అచ్చులో చూసుకోలేదు. పిళ్లె వాటిని జాగ్రత్త చేసి 1838లో పుస్తకంగా వేయించారు. ఆ స్నేహమే లేకపోతే మనకు కాశీయాత్ర చరిత్ర దక్కేది కాదు.

ఈ పిళ్లె గురించి మన బడి వాళ్లకు మరో మాట చెప్పాలి. పచ్చయప్ప మొదలియారు అనే దాత 1794లో పోతే, ఆయన వదిలిన ధర్మం సొమ్ము ఏళ్ల తరబడి వ్యాజ్యాల్లో చిక్కుకుంది. తేల్చింది ఈ సుప్రీంకోర్టే. మిగిలిన డబ్బు చదువులకు పెట్టాలని అడ్వకేట్ జనరల్ జార్జ్ నార్టన్ పట్టుబట్టారు. అలా 1842లో చెన్నపట్నంలో పచ్చయప్ప పాఠశాల తెరిచారు. దాని ధర్మకర్తల్లో ముందున్నవారు శ్రీనివాస పిళ్లె. కోర్టు కాగితాల్లోంచి ఒక బడి పుట్టడం అరుదు. అది చూడటానికి వీరాస్వామయ్య లేరు.

1941లో దిగవల్లి వేంకట శివరావుగారు ఎంతో శ్రమపడి ఈ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయించారు. శివరావుగారు వృత్తిరీత్యా ప్లీడరు. ఒక దుబాసీని నూరేళ్ల తర్వాత మరో కోర్టు మనిషే వెతికి పట్టుకున్నాడన్నమాట. దాని తర్వాతి ముద్రణ ఒకటి ఈ మధ్య మన బడి లైబ్రరీకి ఇచ్చాను. మన జిల్లా ఊళ్లు మొదటి పేజీల్లోనే వస్తాయి. తొమ్మిదో తరగతి పిల్లలకు అక్కడినుంచి చదివించవచ్చని తెలుగు టీచరుగారికి చెప్పి వచ్చాను.