గన్‌మెన్ నడుముకున్న పిస్టల్ ఎవరిది? జాన్ బ్రౌనింగ్ జీవితం

నాంపల్లి క్రిమినల్ కోర్టుల గేటు దగ్గరో, అసెంబ్లీ ముందరో కాసేపు నిలబడితే చాలు, గన్‌మెన్ ఒక్కరైనా కనబడతారు. చాలా ఏళ్లుగా మన పోలీసులు వాడుతున్న 9 ఎంఎం పిస్టల్ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. దాని అసలు మూలం మాత్రం ఒక అమెరికన్ మిస్త్రీ. పేరు జాన్ మోజెస్ బ్రౌనింగ్. మోజెస్ అంటే మన మూసా. అబిడ్స్ పక్కనే 1786లో గన్‌ఫౌండ్రీ కట్టించిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను కూడా హైదరాబాదీలు మూసా రహీం అనే పిలుచుకున్నారు. ఆ మూసా ఫిరంగులు పోత పోయించాడు, ఈ మూసా జేబులో పట్టే తుపాకులు చేశాడు. ఇద్దరికీ సంబంధమేమీ లేదు, పేరు కలిసిందంతే.

బ్రౌనింగ్ 1855 జనవరి 23న అమెరికాలోని ఉటాలో, ఆగ్డెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి జోనథన్ తుపాకులు చేసే, రిపేరు చేసే మనిషి, మోర్మన్ మతస్తుడు. ఆయనకు ముగ్గురు భార్యలు, 22 మంది పిల్లలు. బ్రౌనింగ్‌కు స్కూలు చదువు పెద్దగా లేదు, పని అంతా తండ్రి షాపులోనే నేర్చుకున్నాడు. 1879లో మొదటి పేటెంట్ వచ్చింది. 1883లో విన్‌చెస్టర్ కంపెనీ ఆ రైఫిల్ హక్కులను 8,000 డాలర్లకు కొనేసింది. చనిపోయేనాటికి ఆయన పేరున 128 పేటెంట్లున్నాయి.

నేను కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి ఈ డబ్బు సంగతి దగ్గర కొంచెం ఆగుతాను. దాదాపు ఇరవై ఏళ్లు ఆయన తన డిజైన్లను ఏకమొత్తానికే అమ్ముకున్నాడు. ఆటోమేటిక్ షాట్‌గన్ వచ్చాక మాత్రం రాయల్టీ కావాలన్నాడు, విన్‌చెస్టర్ కాదంది. 1902లో రెమింగ్టన్ కంపెనీకి వెళ్లి కూర్చుంటే, కలవాల్సిన ప్రెసిడెంట్ అదే రోజు గుండెపోటుతో పోయాడు. అక్కడి నుంచి ఓడెక్కి బెల్జియం వెళ్లి ఎఫ్‌ఎన్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. ఇంత పట్టుబట్టిన మనిషే, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన ఏడున్నర లక్షల డాలర్లకు బేరమాడకుండా ఒప్పుకున్నాడు. రాయల్టీ లెక్కన అయితే అంతకు ఎన్నో రెట్లు వచ్చేది.

ఇక పిస్టల్ సంగతి. సింగిల్ యాక్షన్ అంటే ట్రిగ్గర్‌కు ఒకటే పని. వెనక ఎత్తి ఉన్న సుత్తిని, అంటే హ్యామర్‌ను, వదిలేయడం. దాన్ని ఎత్తడం ట్రిగ్గర్ వల్ల కాదు. పైనున్న స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే హ్యామర్ లేస్తుంది, తూటా చాంబర్‌లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత వేలు కొంచెం నొక్కినా చాలు, పేలుతుంది. గురి బాగా కుదరడానికి కారణం అదే, ప్రమాదం కూడా అదే.

అమెరికా సైన్యానికి పాయింట్ 45 పిస్టల్ ఎందుకు కావాల్సి వచ్చిందో మన పాఠకులకు తెలియాలి. ఫిలిప్పీన్స్ దక్షిణాన మోరో ముస్లింలు అమెరికా పాలనకు లొంగలేదు. సైనికుల పాయింట్ 38 రివాల్వర్లు వాళ్లను ఆపలేకపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. అలా పెద్ద తూటా కోసం వెతుకులాట మొదలైంది. ఆ పిస్టల్ పొగడ్తల్లో ఈ ముక్క చాలామంది ఎగ్గొడతారు.

బ్రౌనింగ్ మొదట పిడి వెనక ఒక మీట పెట్టాడు. చెయ్యి పిడిని గట్టిగా పట్టుకుంటేనే అది లోపలికి పోతుంది, అప్పుడే ట్రిగ్గర్ పని చేస్తుంది. కింద పడినా, వేరే ఏదన్నా తగిలినా ట్రిగ్గర్ కదలదు. గుర్రపు దళానికి అది సరిపోలేదు. ఒక చేతిలో కళ్లెం, ఇంకో చేతిలో హ్యామర్ లేచి ఉన్న పిస్టల్. గుర్రం బెదిరితే రౌతు దాన్ని ఒంటి చేత్తో ఒరలో పెట్టాలి, పిడి పట్టుకునే ఉంటాడు కాబట్టి ఆ మీట నొక్కుకునే ఉంటుంది. అందుకని బొటనవేలితో పైకి నెట్టే ఇంకో సేఫ్టీ పెట్టాడు. అది పైకి ఉంటే హ్యామర్ పడదు, స్లైడ్ కదలదు. 1911 మార్చిలో జరిగిన పరీక్షలో ఆ పిస్టల్ 6,000 తూటాలు కాల్చింది, ఒక్కసారీ మొరాయించలేదు. వేడెక్కితే నీళ్లలో ముంచి మళ్లీ కాల్చారు. ఆ నెల 29న సైన్యం దాన్ని తీసుకుంది.

దీన్ని మోయడంలో మూడు పద్ధతులున్నాయి. మ్యాగజైన్ ఉండి చాంబర్ ఖాళీగా, హ్యామర్ దించి ఉంచడం ఒకటి. సైన్యం మామూలు రోజుల్లో ఇదే చెప్పింది. చాంబర్‌లో తూటా, హ్యామర్ లేచి, సేఫ్టీ పైకి ఉంచడం రెండోది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ బాగా తర్ఫీదు ఉన్నవాడికి అది పర్వాలేదు. చాంబర్‌లో తూటా ఉంచి హ్యామర్‌ను కిందికి దించి పెట్టుకోవడం మూడోది. చూడ్డానికి సాధువులా ఉంటుంది, నా లెక్కలో అన్నింటికన్నా చెడ్డది అదే. ఎందుకంటే దించాలంటే బొటనవేలితో హ్యామర్‌ను పట్టుకుని ట్రిగ్గర్ నొక్కాలి. చెమట పట్టిన వేలు జారిందంటే అంతే సంగతి. హ్యామర్‌ను సగంలో ఆపే గాటు ఒకటుంటుంది, అది జారినప్పుడు పట్టుకోవడానికే తప్ప అలా మోయడానికి కాదు.

ఈ మీటలన్నీ పొరపాటును ఆపుతాయి, ఉద్దేశాన్ని ఆపవు. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను కాల్చిన పిస్టల్ కూడా బ్రౌనింగ్ డిజైనే. 1910 మోడల్. దానికి మూడు రకాల సేఫ్టీలు ఉన్నాయి.

1926 నవంబర్ 26న బెల్జియంలోని ఎఫ్‌ఎన్ ఫ్యాక్టరీలో పనిలో ఉండగానే గుండె ఆగి బ్రౌనింగ్ కన్నుమూశాడు. ఫ్రెంచి సైన్యం కోసం మొదలుపెట్టిన 9 ఎంఎం పిస్టల్ సగంలో ఉండిపోయింది. బెల్జియం ఇంజనీరు డ్యుడొనే సైవ్ దాన్ని పూర్తి చేశాడు, 1935లో బయటికొచ్చింది. ఇషాపూర్ పిస్టల్‌కు మూలం అదే.

9 ఎంఎం మామూలు జనానికి నిషేధం. లైసెన్సు ఉన్న ఇళ్లలో ఉండే పిస్టల్ ఎక్కువగా పాయింట్ 32, ఆ తూటా కూడా బ్రౌనింగ్ తయారు చేసిందే. షాదీల్లో గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఇంట్లో ఎక్కువగా జరిగే పొరపాటు వేరే. మ్యాగజైన్ తీసేశాం కదా, ఖాళీ అయిపోయిందనుకుంటారు. 1935 పిస్టల్‌లో మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పని చేయదు, కానీ అన్ని పిస్టళ్లూ అలా ఉండవు, పైగా చాంబర్‌లో తూటా అలాగే ఉంటుంది. ముందు నోరు మనుషుల్లేని వైపు తిప్పి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి, మ్యాగజైన్ తీయాలి. తర్వాత స్లైడ్ వెనక్కి లాగి చాంబర్‌లోకి కంటితో చూడాలి, చీకట్లో అయితే చిటికెన వేలు పెట్టి తడమాలి. ఈ వరస తిరగబడి స్లైడ్ ముందు లాగితే, మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటా పైకెక్కి కూర్చుంటుంది.