అచ్చునకెక్కని సీమ: సురవరము ప్రతాపరెడ్డిగారి జీవితము

2025వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీ ఉదయమున అమ్రాబాదు మండలమందలి దోమలపెంట కడ శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగమునందు, ముఖద్వారమునకు సుమారు 14 కిలోమీటర్ల లోపల, పైకప్పు కూలి ఎనమండుగురు చిక్కువడిరి. వారు ఝార్ఖండు, ఉత్తరప్రదేశము, పంజాబు, జమ్మూ కాశ్మీరములనుండి పనికి వచ్చినవారు. కృష్ణానీటిని ఫ్లోరైడు పీడితములైన నల్లగొండ గ్రామములకు చేర్చవలెనని త్రవ్వుచున్న సొరంగమది. తొలి దినములలో దేశమందలి టెలివిజను సంస్థల బండ్లెన్నో మన్ననూరు దాటి అడవిదారి పట్టినవి. మరునాడు దుబాయిలో భారత పాకిస్తానుల క్రికెట్టు పందెము. అటుపై మూడు దినములకు ప్రయాగలో కుంభమేళా ముగింపు. దినములు వారములైన కొలది బండ్లు పలుచబడినవి. వార్త కురుచయై లోపలి పుటలకు జారినది. మార్చి నెలలో రెండు దేహములు మాత్రము వెలికివచ్చినవి. తక్కిన ఆర్వురకై వెదకుట ఏప్రిలు వరకును సాగినదన్న సంగతి తెలుగు పత్రికలు చదువువారికి తెలిసినంతగా దేశమునకు తెలియదు.

ఆ మార్చి నెలలోనే హైదరాబాదునందలి తెలుగు విశ్వవిద్యాలయమునకు సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టు బిల్లును తెలంగాణ శాసనసభ ఆమోదించెను. ఒకే నెలలో వచ్చిన యీ రెండు వార్తలకును సంబంధము లేదని తోచవచ్చును. కాని తన సీమ అచ్చునకెక్కుట లేదను బాధయే ఆయనను పత్రికాధిపతిని చేసినది. ఆ బాధ అమ్రాబాదు వారికి నేటికిని తెలియనిది కాదు. పులి కనబడిననో, యురేనియము త్రవ్వకముల మాట వచ్చిననో, సొరంగము కూలిననో తప్ప ఆ పీఠభూమి పేరు దేశపు పత్రికలలో కనబడుట అరుదు. అందువలన ఆయన జీవితమును మరల స్మరించుట అసందర్భము కానేరదు.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన బోరవెల్లి గ్రామమున జన్మించిరి. స్వగ్రామము ఇటిక్యాలపాడు. తండ్రి నారాయణరెడ్డిగారు, తల్లి రంగమ్మగారు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న యీ నేలను జనులు నడిగడ్డ యందురు. చిన్ననాటనే తండ్రి గతింపగా పినతండ్రిగారి పోషణలో కర్నూలున చదువు సాగినది. ఈ కర్నూలు చదువును తేలికగా దాటిపోరాదు. ఆలంపురమునకు కర్నూలు కూతవేటు దూరము. నడుమ తుంగభద్ర యొక్కటియే యడ్డము. కాని ఆ నది రెండు ప్రభుత్వములకు ఎల్లయై యుండెను. ఆవలి గట్టు చెన్నపురి రాజధానిలోనిది. అచ్చట తెలుగు పత్రికలు వచ్చుచుండెను, సభలు జరుగుచుండెను, కాంగ్రెసు మాట వినబడుచుండెను. ఈవలి గట్టు నిజాము రాజ్యము. భాష యొక్కటి, పంట యొక్కటి, చుట్టరికములును ఇరుగట్లకు నడుమనే. ఆవలివాని కష్టము అచ్చుపడును. ఈవలివాని కష్టము ఊరి చావడి దాటదు. ఈ భేదమును గ్రంథములలో చదువ నక్కరలేకయే ఆ బాలుడు సెలవులకు ఇంటికి వచ్చునప్పుడెల్ల కన్నులార చూచియుండవలెను.

తరువాత హైదరాబాదు నిజాము కళాశాలలోను, చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, న్యాయశాస్త్రమునందును పట్టము పొందిరి. చెన్నపురిలో వేదము వేంకటరాయశాస్త్రిగారి శుశ్రూష లభించినది. కొంతకాలము న్యాయవాదిగా పనిచేసిరి గాని ఆ వృత్తి ఆయనను కట్టిపెట్టలేదు.

అప్పటి హైదరాబాదు స్థితిని కొంత చెప్పవలెను. రాజ్యమందలి జనులలో సగమునకు చేరువగా తెలుగువారు. రాజభాష ఉర్దూ, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే. నగరమున దినపత్రికలు లేకపోలేదు. ముషీరె దక్కను, రహబరె దక్కను మొదలైనవి వెలువడుచుండెను. అవి దివాణపు సంగతులను, కొలువుల సంగతులను, నగరపు సంగతులను తెలిపెడివి. పాలమూరు రైతుకు అవి చదువ రానివి. చదివించుకొని విన్నను అందు తన యూరు లేదు. ఆవలనుండి వచ్చు ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక తెలుగున నుండెను గాని వాని దృష్టి సహజముగా సర్కారు జిల్లాలపై, చెన్నపురిపై, దేశోద్యమముపై నిలిచియుండెను. నిజాము రాజ్యపు తెలుగువాడు వానికి దూరపు బంధువు. ప్రభువు పత్రికలు మనలను విస్మరించుట వింత కాదు. స్వజనుల పత్రికలును విస్మరించినపుడే లోటు పూర్తి యగును.

ఆ లోటును పూరింప యత్నించినవారు ప్రతాపరెడ్డిగారికి ముందును లేకపోలేదు. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను, అదే యేట ఓరుగల్లు ప్రాంతపు ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరులు తెలుగు పత్రికను నడపిరి. పల్లెటూర అచ్చుయంత్రము నెలకొల్పి పత్రిక నడపుట సామాన్యమైన సాహసము కాదు. కాని అవి చిరకాలము నిలువజాలకపోయెను.

నగరమున మాత్రము ఒక పరాభవము తెలుగువారిని మేల్కొలిపినది. 1921 నవంబరులో వివేకవర్ధిని నాటకశాలలో జరిగిన సంఘసంస్కార సభయందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేచినంతనే సభలో గేలి చేసిరి. మరాఠీ వినిన సభ, ఉర్దూ వినిన సభ, తెలుగు వినజాలకపోయెను. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘమునకు బీజము పడినది. మాడపాటి హనుమంతరావుగారు దానికి వెన్నెముక యైరి.

ఈ వాతావరణమున ప్రతాపరెడ్డిగారు రెడ్డి హాస్టలు బాధ్యతలు వహించి హైదరాబాదున నిలిచిరి. 1918లో ఆ వసతిగృహము స్థాపింపబడుటకు మూలపురుషుడు రాజాబహద్దూరు వేంకటరామారెడ్డిగారు. వనపర్తి ప్రాంతమువారు, 1920 మొదలు నగర కొత్వాలు. పల్లెలనుండి వచ్చిన విద్యార్థులకు తెలుగు గ్రంథములు చేతికందునట్లు ప్రతాపరెడ్డిగారు అచ్చటి గ్రంథాలయమును పెంచిరి. 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వారమునకు రెండుమారులు వెలువడునట్లుగా ఆరంభమైనది. రాజధాని నడిబొడ్డున, నగర రక్షకాధికారి ప్రాపున నున్నవారి చేతిమీదుగా, ప్రజల పక్షము మాటలాడు తెలుగు పత్రిక పుట్టుట చిత్రమే. ఆ ప్రాపు లేనిచో పత్రిక పుట్టియుండదని చెప్పువారు గలరు. ఆ ప్రాపే దానికి ముకుత్రాడు కూడ నయ్యెనని మా యభిప్రాయము. దాని చందాదారులలోను, పోషకులలోను వతనుదారులు, దేశముఖులు, ధనికులైన కాపులు హెచ్చుగ నుండిరి. ఇట్టి పత్రిక వెట్టిచాకిరిని గూర్చి వ్రాయునప్పుడు తన పోషకుల గడప ముందే నిలిచి వ్రాయవలసియుండును. వ్రాసినది, అది దాని గౌరవము. ఎంత మెత్తగ వ్రాసినది, ఎచ్చట ఆగినది యనునది చరిత్రకారులు ఇంకను తూచవలసినదిగా నున్నది.

పత్రిక నడపుట యనగా ఆ దినములలో నేమో నేటివారికి తెలియుట కష్టము. సంపాదకీయము వ్రాయువాడు, వార్తలు కూర్చువాడు, అచ్చుతప్పులు దిద్దువాడు తానే. చాలినన్ని వ్యాసములు రానిచో పలు మారుపేర్లతో తానే వ్రాయవలెను. కథలు, విమర్శలు, చరిత్ర, వ్యంగ్యము, అన్నియు ఆయన కలమునుండియే వెడలినవి. అంతకంటె కష్టమైనది మరియొకటి గలదు. వార్త తనంతట రాదు, వ్రాయువాడు కావలెను. తాలూకా కచ్చేరి జరిగించిన అన్యాయమును తెలుపుటకు ఆ తాలూకాలో అక్షరజ్ఞానమును, ధైర్యమును గల మనుష్యుడొకడు ఉండవలెను. అట్టివానిని వెదకి, ప్రోత్సహించి, జాబు వ్రాయించి, ఆ జాబులోని భాషను దిద్ది, పేరు బయటపడకుండ కాపాడి అచ్చువేయుటయే నిజమైన సంపాదకత్వము. ఇట్లు జిల్లాల నుండి జాబులు వచ్చు అలవాటు ఏర్పడిన తరువాతనే నిజాము రాజ్యపు తెలుగువారికి తాము ఒక జనసమూహమను తెలివి గట్టిపడినది. సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెనను గస్తీ నిషాన్ 53 అమలులో నున్న కాలమున, సభ జరుగని చోట పత్రికయే సభ.

1930లో జోగిపేటయందు తొలి నిజామురాష్ట్ర ఆంధ్రమహాసభ జరిగినపుడు అధ్యక్షస్థానము ప్రతాపరెడ్డిగారికి లభించినది. తెలుగువాడు తెలుగున మాటలాడిన గేలి చేయబడిన నాటికి అప్పటికి తొమ్మిదేండ్లు నిండలేదు.

ఇక ఆయన పేరు చిరస్థాయిగ నిలిపిన సంగతికి వత్తము. తెలంగాణమున తెలుగు కవులు లేరని ఒక పండితుడు వ్రాసెను. ఆయన దుర్బుద్ధితో వ్రాసెనని మేమనుకొనము. ఆయన చదివిన పత్రికలలో, చూచిన సంకలనములలో తెలంగాణపు కవి కనబడలేదు. కనబడనిది లేదని తలచెను. నేటి టెలివిజను సంస్థలకును గల దోషమిదియే. చిత్రగ్రాహకుడు పోని చోట ఏమియు జరుగలేదని తలంతురు. ఇట్టి మాటకు కోపముతో బదులు చెప్పుట సులభము. ఒక వ్యాసము, దానికి ప్రతివ్యాసము, అంతటితో మరపు. ప్రతాపరెడ్డిగారు ఖండనముతో సరిపెట్టక లెక్కకు పూనుకొనిరి. పత్రికద్వారా కవులను పిలిచిరి; జిల్లా జిల్లాకు ఉత్తరములు పోయెను. పెట్టెలలో చెదలు తినుచున్న పద్యములు, పల్లెపంతుళ్ల పద్యములు, కరణముల పద్యములు టపాలో వచ్చినవి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడెను. అందున్న కవులు 354 మంది.

ఆ పద్యములన్నియు గొప్పవి కావు. కొన్ని కేవలము ఛందస్సు తెలియునని చూపుటకు వ్రాసినవి. అది తెలిసియే ఆయన వానిని చేర్చి యుందురని మా యూహ. అచ్చట తేలవలసినది ఎవడు మహాకవి యనునది కాదు. మనుష్యులున్నారా లేరా యనునది. పద్యముతో పాటు ఊరి పేరును అచ్చుపడినపుడు చదువరికి ఆ యూరును ఉన్నదని తెలిసెను. లేరన్నవానికి అంతకంటె మర్యాదయైన బదులు మరియొకటి కానరాదు.

ఆ లెక్కలో చేరనివారును గలరు. అమ్రాబాదు అడవులలోని చెంచులకు పద్యము లేదు, లిపి లేదు, చందా కట్టు శక్తి లేదు. 1940లో ఆస్ట్రియా దేశీయుడైన ఫ్యూరర్ హైమెండార్ఫు అను మానవశాస్త్రజ్ఞుడు వారి పెంటలలో మెలగి 1943లో వారిని గూర్చి ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. నల్లమల చెంచు జీవితము సమగ్రముగ గ్రంథస్థమగుటకు పరదేశి రావలసివచ్చినది. అది ఒక్క గోలకొండ పత్రికపై మోపదగిన నేరము కాదు. అక్షరము నేర్చిన మనవారందరిదియు.

1947, 1948 సంవత్సరములలో హైదరాబాదు సంస్థానమున వార్తయే యుద్ధరంగమైనది. హైదరాబాదు రేడియో ఒకటి చెప్పగా భారత రేడియో వేరొకటి చెప్పుచుండెను. పల్లెలోని వానికి రెంటిలో నేది నిజమో తేల్చుకొను దారి లేదు. ఉర్దూ పత్రికలన్నియు ఒక్క పాటయే పాడినవనుకొనుట పొరపాటు. అంతకు ముందే మందుముల నరసింగరావుగారి రయ్యత్ ఉర్దూలో ప్రజాపక్షము వహించియుండెను. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ సంస్థానము భారతదేశమున చేరవలెనని వ్రాసినందులకు 1948 ఆగస్టులో నగరవీథిలో హత్య గావింపబడెను. నెల తిరుగకముందే, సెప్టెంబరు 17న, నిజాము ప్రభుత్వము లొంగిపోయెను. పత్రికాస్వాతంత్ర్యము ఏ భాషదో, ఏ మతముదో యని వాదించువారు ఆ యువకుని పేరు జ్ఞప్తియం దుంచుకొందురు గాక.

1949లో ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడెను. పత్రికలో చేసిన పనినే ఆయన ఇందు గతకాలమునకు చేసిరని చెప్పవచ్చును. అంతవరకు చరిత్రలు రాజుల దండయాత్రలతో నిండియుండెను. జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, పండుగ లెట్లు చేసికొనిరి యనునది వ్రాసినవాడు లేడు. ఆయన శాసనములతో తృప్తిపడక క్రీడాభిరామమును, శుకసప్తతిని, హంసవింశతిని ఆనాటి విలేఖరుల జాబులవలె తిరుగవేసి చదివిరి. కావ్యమున కవి మాటవరుసకు చెప్పిన తినుబండారపు పేరు, జూదపు పేరు, నగ పేరు ఆయనకు సాక్ష్యములైనవి. పండితులు రసము వెదకిన చోట ఆయన పూటకూళ్లయింటి ధరలు వెదకిరి. అందు కొన్ని ఊహలు నేటి పరిశోధనకు నిలువకపోవచ్చును. దారి మాత్రము ఆయన వేసినదే.

1952 ఎన్నికలలో వనపర్తినుండి కాంగ్రెసు పక్షమున హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. ఆ సభలో ఆయన కాలము దీర్ఘము కాలేదు. 1953 ఆగస్టు 25వ తేదీన హైదరాబాదున పరమపదించిరి. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరములు. నెల దాటిన పిమ్మట అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడి, ఆయన బాల్యమున చదువుకొనిన కర్నూలు దానికి ముఖ్యపట్టణమైనది. నడిగడ్డ మాత్రము ఇంకను తుంగభద్రకు ఈవలనే, వేరొక రాష్ట్రమున నుండెను. కేంద్ర సాహిత్య అకాడెమి తెలుగునకు తొలి బహుమానమును 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ప్రకటించినది. దానిని స్వయముగ నందుకొనుటకు గ్రంథకర్త లేడు.