గజవేత్త శాండర్సన్

మైసూరునుండి వయనాడునకు పోవు బాట కాకనకోట యడవుల నడుమగా సాగును. నూటయేబది యేండ్ల క్రిందట ఆ బాటను నడచుటకు జనులు వెఱచుచుండిరి. మందనుండి వేఱుపడిన మదపుటేనుగొకటి హఠాత్తుగా బాటసారులపై బడి ప్రాణములు తీయుచుండెను. దానిని తుదకు వధించి, ప్రజల భయమును పోగొట్టినవాడు జార్జి శాండర్సన్.

శాండర్సన్ 1848లో జన్మించెను. తండ్రి మైసూరు సీమలో క్రైస్తవ మతబోధకుడు. ఇంగ్లండున విద్య నభ్యసించి, 1864లో శాండర్సన్ మరల ఈ దేశమునకు వచ్చెను. మైసూరు సంస్థానమున కాలువలను పర్యవేక్షించు ఉద్యోగమున చేరి, కన్నడము నేర్చి, సోలిగ, కురుబ జాతులవారితో చనువుగా మెలగెను. అడుగుజాడల నానవాలు పట్టి మృగము నెఱుగు విద్యలో వారే యాతనికి గురువులు.

ఆ కాలమున ఏనుగుల మందలు రాత్రులందు పొలములపై బడి, రైతు ఏడాది కష్టమును ఒక్కరేయిలో మట్టిపాలు చేయుచుండెను. వానిని చంపుటకంటె పట్టి మచ్చిక చేయుట మేలని శాండర్సన్ తలచెను. పూర్వము హైదరాలీ యంతటివాడు యత్నించి విఫలుడయ్యెనని ప్రతీతి. 1873లో శాండర్సన్ తొలియత్నమును నిష్ఫలమయ్యెను. అయినను అతడు నిరాశ చెందలేదు. మఱుసటి యేడు చామరాజనగర ప్రాంతమున, వందలాది జనులచే మందను చుట్టుముట్టించి, కందకములతో అడ్డగించి, దొడ్డిలోనికి తోలించెను. ఏబదికి పైగా ఏనుగులు చిక్కినవి. ఈ పద్ధతికే ఖెడ్డా యని పేరు. పిమ్మట ప్రభుత్వమువారు అతనిని వంగదేశమునకు పంపగా, అచ్చటను కృతకృత్యుడయ్యెను.

తన యనుభవములను 1878లో గ్రంథముగా ప్రకటించెను. ఏనుగు స్వభావముచేత పిఱికిది. దాని చూపు మందము, ఘ్రాణశక్తి మిక్కుటము. మనుష్యుని వాసన ముందుగా సోకినచో తానే తొలగిపోవును. గాలి ఎదురుగా వీచి, మలుపున మనుష్యుడు హఠాత్తుగా ఎదుటబడినప్పుడును, గున్న వెంటనున్నప్పుడును మీదికి దూకును. బాటలందు జరుగు దుర్ఘటనలకు పెక్కింటికి మూలమిదియే. ముంగాలి చుట్టుకొలతకు రెండింతలు ఏనుగు ఎత్తుకు ఇంచుమించు సమానమని కూడ అతడు కొలిచి చూచెను.

ఐదు పదులు నిండకమునుపే, 1892లో, మద్రాసున శాండర్సన్ మరణించెను. కిప్లింగు రచించిన గజకథలోని దొరకు ఇతడే మాతృకయని పలువురి యభిప్రాయము.

ఖెడ్డాలలో గాయపడి మరణించిన యేనుగులును కలవు. 1971లో కాకనకోటలో జరిగినదే కడపటి ఖెడ్డా. తరువాత ఆ స్థలము కబిని జలాశయమున మునిగినది. ఆ యడవిబాటపై రాత్రివేళ వాహనములు నడువరాదని ప్రభుత్వము నిషేధించినది. నాడు మనుష్యునికి దారి విడువవలసినది ఏనుగు. నేడు ఏనుగునకు దారి విడువవలసినవాడు మనుష్యుడు. మృగముల స్వభావము నెఱిగి మెలగినచో ఇరువురకును క్షేమమని శాండర్సన్ జీవితము మనకు తెలుపుచున్నది.