థర్డ్ క్లాసులో పాసైన శాస్త్రవేత్త – అర్హీనియస్

ఈసారి గోడపత్రికలో ‘మహనీయులు’ శీర్షిక నన్ను రాయమన్నారు. నేను స్వాంటే అర్హీనియస్ గారి గురించి రాస్తున్నాను. ఈయన్నే ఎందుకు తీసుకున్నానో చివర్లో చెప్తాను.

అర్హీనియస్ 1859 ఫిబ్రవరి 19న స్వీడన్ దేశంలో, ఉప్సాలా పట్టణం దగ్గర విక్ అనే చోట జన్మించారు. నాన్నగారు భూములు కొలిచే సర్వేయరు. మూడేళ్ళకే ఎవరూ నేర్పకుండా ఆయనకు చదవడం వచ్చేసిందట! నాకైతే ఆశ్రమ పాఠశాలకు వచ్చేదాకా పలక ఎలా ఉంటదో తెలీదు. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదలు.

పోయిన నెల సైన్స్ సార్ రెండు గ్లాసులు పెట్టి చూపించారు, గుర్తుందా? ఉప్పు నీళ్ళలో తీగలు పెడితే చిన్న ఎల్.ఇ.డి. బల్బు వెలిగింది. పంచదార నీళ్ళలో వెలగలేదు. రెండూ తెల్లగానే ఉంటాయి, రెండూ కరుగుతాయి. మరి తేడా ఎందుకు? అర్హీనియస్ చదువుకునే రోజుల్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకు కూడా ఇది సరిగ్గా తెలియదు. కరెంటు పోయినప్పుడే ఉప్పు విడిపోతుందని చాలామంది అనుకునేవారు.

అర్హీనియస్ ఎన్నో ద్రావణాలలో కరెంటు ఎంత పోతుందో ఓపికగా కొలిచారు. కరిగినదాంట్లో చురుకైన భాగం ఒకటి, చురుకు లేని భాగం ఒకటి ఉంటాయని చెప్పారు. 1884లో 150 పేజీల పుస్తకం రాసి ఉప్సాలా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం ఇచ్చారు. అక్కడి ప్రొఫెసర్లకు అది నచ్చలేదు. ముందు ఫోర్త్ క్లాసు వేశారు. ఆయన అందరి ముందు నిలబడి జవాబులు చెప్పాక థర్డ్ క్లాసు చేశారు. ఆ క్లాసుతో అక్కడ రసాయనశాస్త్రం పాఠాలు చెప్పే అర్హత రాదు. అప్పుడాయన వయసు 25 ఏళ్ళు.

ఆయన ఊరుకోలేదు. తన పుస్తకాన్ని వేరే దేశాల పండితులకు పంపించారు. రీగా నగరంలో ఉండే ఆస్ట్‌వాల్డ్ అనే ప్రొఫెసరు అది చదివి, ఆ ఏడే ఉప్సాలాకు వచ్చి ఆయన్ని కలిశారు, ఉద్యోగం కూడా ఇస్తానన్నారు. పరాయి ఊరి పెద్దాయన వచ్చి మెచ్చుకున్నాకే సొంత ఊరివాళ్ళకు విలువ తెలిసింది. 1887లో అర్హీనియస్ ఇంకా స్పష్టంగా చెప్పారు. కరెంటు లేకపోయినా, ఉప్పు నీళ్ళలో పడగానే ధన అయాన్లుగా, రుణ అయాన్లుగా విడిపోతుంది. పంచదార విడిపోదు. అందుకే బల్బు వెలగలేదు.

ఈ మాటను పట్టుకొని 1889లో నెర్న్‌స్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త ద్రావణీయతా లబ్ధం గురించి చెప్పారు. సిల్వర్ క్లోరైడ్ అనే తెల్లటి పదార్థం నీళ్ళలో ఏ కొంచెమో కరుగుతుంది. ఇంక కరగలేనంత కరిగాక, లీటరులో ఉన్న సిల్వర్ అయాన్ల మోల్‌లను క్లోరైడ్ అయాన్ల మోల్‌లతో గుణించాలి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1.8ని వెయ్యి కోట్లతో భాగిస్తే ఎంతో దాదాపు అంతే వస్తుంది. దాంట్లో మన వంట ఉప్పు కొంచెం వేస్తే క్లోరైడ్ అయాన్లు పెరుగుతాయి. లబ్ధం మారకూడదు కాబట్టి సిల్వర్ అయాన్లు తగ్గాలి. అందుకని మళ్ళీ తెల్లటి పొడి అడుగుకి దిగుతుంది.

అర్హీనియస్ చెప్పినవన్నీ ఒప్పులే కావు. వంట ఉప్పులాంటివి కూడా కొంత భాగమే విడిపోతాయని ఆయన అనుకున్నారు. నిజానికి అవి దాదాపు పూర్తిగా విడిపోతాయి. కానీ ధన, రుణ అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుంటాయి కాబట్టి తక్కువ ఉన్నట్టు కనిపిస్తాయి. అన్నం గంట కొట్టినప్పుడు మన వరండా చూడండి. హాజరుపట్టీలో అందరం ఉన్నాము, కానీ తోసుకోవడంలో గబగబా కదిలేది కొందరే. అలా లెక్కకొచ్చే బలానికి క్రియాశీలత అని పేరు. అమెరికా శాస్త్రవేత్త లూయిస్ 1907లో దీన్ని చెప్పారు. 1923లో డిబై, హుకెల్ దానికి లెక్క కట్టారు.

థర్డ్ క్లాసు ఇచ్చిన ఆ పరిశోధన నుంచి పుట్టిన సిద్ధాంతానికే 1903లో అర్హీనియస్ గారికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి పొందిన మొదటి స్వీడన్ దేశస్థుడు ఆయనే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో కూడా 1896లోనే లెక్క వేశారు. 1927 అక్టోబర్ 2న స్టాక్‌హోంలో కన్నుమూశారు.

ఇప్పుడు నా సంగతి. క్వార్టర్లీ పరీక్షల్లో సైన్సులో నాకు 50కి 14 వచ్చాయి. దసరాకి ఇంటికెళ్తే నాయన ఆ కాగితం చేతిలోకి తీసుకొని, తిప్పి చూసి, మంచిగా వచ్చాయా అని అడిగాడు. ఆయనకు చదవడం రాదు. నేను మంచిగా వచ్చాయని అబద్ధం చెప్పాను. అమ్మ సంతలో అందరికీ చెప్పుకుంది. నాకు ముద్ద దిగలేదు. ఇంక బడికి రానని అనుకున్నాను. కానీ నాయన సంతలో కోడిని అమ్మి బస్సు డబ్బులు నా చేతిలో పెట్టాడు. అందుకని వచ్చేశాను.

అర్హీనియస్ గారికి తక్కువ వేసింది ఆయన చెప్పింది వాళ్ళకు అర్థం కాక. నాకు తక్కువ వచ్చింది నేను చదవక. ఆయనతో నన్ను పోల్చుకోవడం లేదు. కానీ థర్డ్ క్లాసు వచ్చిందని ఆయన కొలవడం మానలేదు. నేను కూడా మానను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాయనకు 14 అని నిజం చెప్తాను. ఆ తర్వాత వచ్చిన మార్కులు కూడా చదివి వినిపిస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని