మత్తుమందు మీద పందెం కాసిన డాక్టరు – ఎడ్వర్డ్ లారీ

ఆపరేషన్ అనగానే మన ఊళ్ళలో జనానికి కత్తి కంటే మత్తు అంటేనే ఎక్కువ భయం. కె.జి.హెచ్.లో గాని, శ్రీకాకుళం రిమ్స్‌లో గాని, విజయనగరం ఘోషాసుపత్రిలో గాని ఆపరేషన్ థియేటర్ బయట కాసేపు కూర్చుంటే ఈ సంగతి తెలిసిపోతుంది. కోత బాగా కోశారా, కుట్లు బాగా వేశారా అని అడిగేవాళ్ళు తక్కువ. మత్తులోంచి మళ్ళీ లేస్తాడా లేదా అన్నదే అందరి బెంగ. పైడితల్లమ్మకు ఒకరు, అరసవల్లి సూర్యనారాయణస్వామికి ఒకరు మొక్కుకుంటారు.

ఇది చదువు లేని వాళ్ళ భయం అని కొట్టిపారేయడానికి లేదు మిత్రులారా. ఒకప్పుడు ప్రపంచంలోని పెద్ద పెద్ద డాక్టర్లందరికీ ఉన్న భయం ఇది. దాన్ని తేల్చడానికి జరిగిన పరిశోధనల్లో అప్పట్లో చాలా పేరు పొందినది మన హైదరాబాదులోనే జరిగింది. దాన్ని నడిపించినవాడు ఎడ్వర్డ్ లారీ. ఆ పేరు చదివితే మనకు పలాస రోడ్డు మీద పోయే లారీలే గుర్తుకొస్తాయి గాని, 1890 ప్రాంతంలో వైద్య పత్రికలు చదివేవారికి ఆ పేరు తెలియకుండా ఉండేది కాదు.

ముందు సంగతి కొంచెం చెప్పాలి. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫాం పీలిస్తే మనిషి స్పృహ తప్పుతాడని చూపించాడు. మత్తుమందులు రాకముందు ఆపరేషన్ అంటే రోగిని నలుగురు పట్టుకోవడం, సర్జన్ వీలైనంత తొందరగా కోసెయ్యడం. క్లోరోఫాం లాంటి మత్తుమందులు రావడంతో ఆ నరకం తప్పింది. కాని మూడు నెలలు కూడా తిరక్కుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. కాలిగోరు కోసం! ఆ తరువాత ఇలాంటి చావులు ఒకటీ అరా వస్తూనే ఉన్నాయి.

ఎందుకు చనిపోతున్నారు? ఇక్కడ డాక్టర్లు రెండు జట్లయ్యారు. లండనులో జాన్ స్నో, ఆయన తరువాత మరికొందరు, క్లోరోఫాం గుండెను ఆపుతుందన్నారు. ఎడిన్‌బరో సర్జన్ జేమ్స్ సైమ్, ఆయన శిష్యులు మాత్రం ముందు ఆగేది ఊపిరి, గుండె ఆ తరువాతే ఆగుతుంది అన్నారు. ఇది ఊరికే పండితుల తగాదా కాదు. మత్తిచ్చే మనిషి దేన్ని కనిపెట్టుకుని ఉండాలన్నది దీని మీదే ఆధారపడి ఉంది. గుండె అయితే నాడి పట్టుకోవాలి. ఊపిరి అయితే రొమ్ము లేవడం, దిగడం చూస్తూ గొంతులో గాలికి అడ్డం రాకుండా చూసుకోవాలి. చూడవలసింది ఒకటైతే చూస్తున్నది మరొకటి అయితే రోగి బల్ల మీదే పోతాడు.

లారీ 1846లో పుట్టారు. ఎడిన్‌బరోలో సైమ్ దగ్గర చదువుకున్నారు. (గాయాలు కుళ్ళకుండా కార్బాలిక్ ఆమ్లంతో కాపాడిన లిస్టర్ ఈ సైమ్‌కి అల్లుడే.) గురువు చెప్పిన ఊపిరి పాఠం లారీ మనసులో శిలాశాసనంలా నిలిచిపోయింది. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మన దేశానికి వచ్చి, 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాలకు అధిపతిగా కుదురుకున్నారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆయన చేతికింద నడిచింది. 1846లో పుట్టిన ఆ వైద్య పాఠశాలే తరువాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది.

అంతవరకు ఆ పాఠశాలలో చదువు ఉర్దూలో సాగేది. లారీ హయాంలో ఇంగ్లీషులోకి మారింది. తెలుగు మీడియంలో పది పూర్తిచేసి ఇంటర్‌లో బైపీసీ పుస్తకాలు ఇంగ్లీషులో తెరిచిన మన హాస్టలు పిల్లలకి ఆ విద్యార్థుల పాట్లు నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆ విద్యార్థుల్లో రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్సీ యువతి కూడా ఉంది. 1885లో చేరి 1889లో ఉత్తీర్ణురాలైంది. ప్రపంచంలో మత్తు వైద్యం చేసిన తొలి మహిళా డాక్టరుగా ఇప్పుడు ఆమె పేరే చెప్పుకుంటున్నారు.

లారీ క్లోరోఫాం ఇచ్చే పద్ధతి సులువైనది. గుడ్డతో చేసిన గొట్టం లాంటి టోపీ ముక్కు దగ్గర పెట్టి, మధ్యలో ఆపకుండా, గాలి బాగా ఆడేలా ఇచ్చేవారు. ఇచ్చే మనిషి కళ్ళు ఊపిరి మీద నుంచి పక్కకి తిప్పకూడదు. నాడి జోలికే పోనక్కర్లేదు. తన ఆసుపత్రిలో వేలమందికి ఇలా ఇచ్చాక, తన పద్ధతే సరైనదని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. నమ్మకంతో ఊరుకోలేదు. 1888లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం తరఫున ఒక కమిషన్ ఏర్పడి, కుక్కలకు క్లోరోఫాం పట్టి చూసింది. ప్రతిసారీ ముందు ఆగింది ఊపిరే.

లండనులోని లాన్సెట్ పత్రిక దీన్ని నమ్మలేదు. లారీ గొప్పతనం ఇక్కడే కనిపిస్తుంది. నమ్మకపోతే మీ మనిషినే పంపండి, మళ్ళీ మీ ఎదటే చేస్తాం అనే దారి పట్టారు. ఖర్చు కింద నిజాం 1000 పౌన్లు ఇచ్చారు. లాన్సెట్ పంపిన లాడర్ బ్రంటన్ అప్పటికి గుండె జట్టువాడు. 1889 చివర్లో ఆయన హైదరాబాదు వచ్చారు. రెండో కమిషన్ 400కు పైగా కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాల మీద ప్రయోగాలు చేసింది. రక్తపు ఒత్తిడిని, ఊపిరిని యంత్రం కాగితం మీద గీతలుగా గీసింది. మందు ఇచ్చినవాళ్ళు, నిమిషాలు లెక్కపెట్టినవాళ్ళు, గీతలు సరిచూసినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. బ్రంటన్ చివరకు తన మాట మార్చుకున్నారు. హైదరాబాదు గెలిచిందని ప్రపంచమంతా చదువుకుంది. నివేదిక 1891లో బొంబాయిలో పుస్తకంగా అచ్చయింది.

కథ ఇక్కడ ఆపేస్తే బాగానే ఉండేది. కాని నిజం అలా లేదు.

క్లోరోఫాం చావులు ఆగలేదు. 1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు క్లోరోఫాం గుండె మీద నేరుగా పనిచేస్తుందని చూపించి, హైదరాబాదు లెక్కను తప్పుపట్టారు. లారీ వినలేదు. చివరికి 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో ముడి విడింది. మందు మోతాదు ఎక్కువై నిదానంగా చచ్చే జంతువుకు ముందు ఊపిరే ఆగుతుంది. లారీ చూసింది అదే, అది అబద్ధం కాదు. కాని ఆసుపత్రిలో హఠాత్తుగా పోయే రోగి సంగతి వేరు. మత్తు ఇంకా పూర్తిగా ఎక్కదు, రోగి భయంతో పెనుగులాడుతుంటాడు, ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. అప్పుడు క్లోరోఫాం తగిలిన గుండె కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది. అంతే. బహుశా హానా గ్రీనర్ కూడా అలాగే పోయి ఉంటుంది.

అంటే 400 జంతువుల ప్రయోగంలో ప్రశ్నే సరిగా వెయ్యలేదన్నమాట. చనిపోయిన రోగులు ఏ నిమిషంలో, ఎంత మందు మీద, ఏ స్థితిలో పోయారో చూసి దాన్ని బట్టి ప్రయోగం కట్టి ఉండవలసింది. లారీ తన పద్ధతికి సరిపడే ప్రయోగం కట్టారు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మత్తు చావు కొన్ని వేల మందిలో ఒకరికి వచ్చేది. ఒక డాక్టరు ఏళ్ళ తరబడి ఒక్క చావూ చూడకపోవచ్చు, అది తన చేతి మహిమ అనుకోవచ్చు. చాలా ఆసుపత్రుల లెక్కలు ఒకచోట చేరిస్తేగాని అసలు సంగతి బయటపడదు. పైగా లారీ ఒకసారి పట్టిన మాట విడిచే రకం కాదు. మలేరియాకు క్రిమి కారణమన్న మాటనూ ఆయన ఒప్పుకోలేదు. ఆయన ఉన్న ఊరి పక్కనే, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ క్రిమిని చూశారు.

అయినా లారీని వెక్కిరించడం నాకు ఇష్టం లేదు. మత్తిచ్చే మనిషికి వేరే పని పెట్టకూడదనీ, ఊపిరి మీద నుంచి కన్ను తియ్యకూడదనీ ఆయన పట్టుబట్టిన క్రమశిక్షణ ఎంతోమందిని బతికించి ఉంటుంది. ఆపకుండా మందివ్వడం వల్ల ప్రమాదకరమైన ఆ అరమత్తు దశ తొందరగా దాటిపోయేది కూడా. సిద్ధాంతం తప్పు, అలవాటు మంచిది. నాడి చూడనక్కర్లేదన్న మాట మాత్రం నష్టం చేసింది. లారీ 1901లో హైదరాబాదు విడిచివెళ్ళి 1915లో కన్నుమూశారు. లెవీ ఫలితం వచ్చేనాటికి ఆయన బతికే ఉన్నారు.

ఇప్పుడు థియేటర్లో మత్తు డాక్టరు రోగి వేలికి ఒక క్లిప్పు పెడతారు. నాడి ఎంత ఉందో, రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో రెండూ తెర మీద కనిపిస్తాయి. రెండు జట్ల తగాదా ఒకే క్లిప్పులో కలిసిపోయింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షాన న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఒక పరిశీలన అచ్చయింది. మత్తుకు ముందు, కోతకు ముందు, థియేటర్ విడిచేముందు 19 అంశాల కాగితాన్ని పైకి చదివి సరిచూసుకోవాలి. ఆ క్లిప్పు పనిచేస్తోందా అన్నది అందులో ఒక అంశం. ఆపరేషన్ తరువాత ఆసుపత్రిలో చావులు నూటికి 1.5 నుంచి 0.8కి, ఇబ్బందులు 11 నుంచి 7కి తగ్గాయి. ఈసారి లెక్కపెట్టింది కుక్కల్ని కాదు, ఏడు వేలు దాటిన రోగుల్ని.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదల్లో కొట్టుకుపోయింది. ఆ మరుసటి ఏడు, 1909లో, ఏళ్ళ తరబడి క్లోరోఫాం ఇచ్చిన అనుభవం ఉన్న రూపాబాయి ఓడెక్కి ఎడిన్‌బరో వెళ్ళింది. మత్తుమందు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ముందు అది రావాలని, అక్కడ భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం క్లాసుల్లో చేరింది.