జాన్ లోగీ బెయిర్డు: ఓడిన సంవత్సరము

1936వ సంవత్సరము నవంబరు 2వ తేదీ మధ్యాహ్నము మూడు గంటలకు, లండను నగరపు ఉత్తరభాగమున గుట్టమీద నెలకొనియున్న అలెగ్జాండ్రా పాలెస్ అను భవనమునుండి బ్రిటిషు ప్రసార సంస్థ తన టెలివిజను ప్రసారములను లాంఛనముగా ప్రారంభించెను. తపాలా శాఖామంత్రి ప్రసంగించెను. సంస్థాధ్యక్షుడు ప్రసంగించెను. యంత్రములను సమకూర్చిన కంపెనీల పెద్దలు ప్రసంగించిరి. పదేండ్లకు పూర్వము మనుష్యుని ముఖమును సజీవముగా ఒక గదినుండి మరియొక గదికి పంపి లోకమునకు తొలుత చూపిన జాన్ లోగీ బెయిర్డు మాత్రము వేదికమీద లేడు. ఆయన ప్రేక్షకులలో ఒకడై కూర్చుండి యుండెను. ఆ కోరిక ఫలించిన సంవత్సరమే ఆయన పరాజయ సంవత్సరము కూడ నగుట ఆ జీవితములోని విచిత్రము.

బెయిర్డు 1888వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన, స్కాట్లండు దేశమున క్లైడ్ నదీముఖమునందలి హెలెన్స్‌బరో పట్టణములో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. నలుగురు బిడ్డలలో ఇతడు కడగొట్టువాడు. శైశవముననే పెద్ద జబ్బు చేసి బ్రతికి బయటపడెను గాని, నాటి దౌర్బల్యము జీవితాంతము విడువలేదు. చలికాలము వచ్చినదనిన పడకయే గతి. దేహము సహకరింపకున్నను చేతులు ఊరకుండలేదు. బడిలో చదువుకొను దినములలోనే, తన యింటినుండి ఇరుగుపొరుగు మిత్రుల యిండ్లకు వీధి కడ్డముగా తీగలు గట్టి టెలిఫోను ఏర్పాటు చేసెను. ఒక గాలివాన రాత్రి ఆ తీగ వ్రేలాడబడి, త్రోవను పోవుచున్న బండివానికి తగిలి వానిని క్రింద పడవైచినదట. అంతటితో ఆ టెలిఫోను కథ ముగిసెను. పిదప ఆ బాలుని దృష్టి ఇంటికి విద్యుద్దీపములు పెట్టుటమీదికి మరలెను. ఆ పని మాత్రము నెరవేరెను.

గ్లాస్గో నగరములోని సాంకేతిక కళాశాలలో ఆయన విద్యుచ్ఛాస్త్రము నభ్యసించెను. అక్కడి విద్యార్థులలో జాన్ రీత్ అను యువకు డొకడుండెను. రీత్ కూడ మతాచార్యుని కుమారుడే. పోలిక అంతటితో సరి. రీత్ ఆజానుబాహువు; ఎదుటివానిని శాసించుట అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. బెయిర్డు హ్రస్వదృష్టి కలవాడు, బక్కపలుచని వాడు, మొగమాటము కలవాడు. కాలాంతరమున రీత్ బ్రిటిషు ప్రసార సంస్థకు సర్వాధికారి యగుననియు, బెయిర్డు తన యంత్రముతో ఆ సంస్థ తలుపు తట్టవలసివచ్చుననియు ఆనాడు ఎవరూహింతురు?

మొదటి ప్రపంచయుద్ధమున సైన్యములో చేరబోగా వైద్యులు ఆయనను పనికిరాడని త్రిప్పి పంపిరి. క్లైడ్ లోయకు విద్యుచ్ఛక్తి సరఫరాచేయు కంపెనీలో ఇంజనీరుగా కుదురుకొనెను. బొగ్గు జాతికి చెందిన గ్రాఫైటునుండి వజ్రములు చేయవచ్చునని ఒకనాడు ఆయనకు తోచెను. కంపెనీ విద్యుత్తునే మితిమీరి ప్రవహింపజేసి ఆ ప్రయోగము సాగింపగా, వజ్రము పుట్టలేదు గాని నగరములో కొంతభాగమునకు విద్యుత్తు ఆగిపోయెను. ఉద్యోగము నిలువలేదు. పిమ్మట పాదములకు చెమ్మ తగులకుండ మేజోళ్లలోపల తొడుగుకొను ఒక విధమైన మేజోళ్లను తయారుచేసి అమ్మెను, అది లాభించినది. ట్రినిడాడు ద్వీపమునకు పోయి పండ్లతో జాము వండించెను; పురుగులును జ్వరమును కలిసి ఆ వ్యాపారమును మ్రింగివేసినవి. లండనులో సబ్బులమ్మెను. ఇంతలో మరల ఆరోగ్యము చెడెను. 1923లో, ముప్పదినాలుగేండ్ల వయస్సున, చేత అట్టే ధనము లేక, ఉద్యోగము లేక, సముద్రపుగాలికై దక్షిణ తీరమునందలి హేస్టింగ్స్ పట్టణమునకు చేరెను.

అక్కడను ఊరకుండలేదు. తుప్పు పట్టని గాజు మంగలికత్తి చేసి తన ముఖమునే కోసికొనెను. గాలి నింపిన బుడగలను బూట్లలో పెట్టి నడువగా, నడివీధిలో ఒకటి పగిలెను. అప్పుడు చిన్ననాటినుండియు మనస్సులో మెదలుచున్న దూరదర్శన విషయమును మరల చేపట్టెను. తేయాకు పెట్టె, టోపీల డబ్బా, కత్తెర, కుట్టుసూదులు, సైకిలు దీపపు కటకములు, లక్క, జిగురు: ఇవి ఆయన ప్రథమ యంత్రములోని సామగ్రి. ప్రయోగశాలకు నోచుకొనని మన పల్లెటూరి పాఠశాలల ఉపాధ్యాయులు ఈ పట్టికను విద్యార్థులకు తప్పక వినిపింపదగును.

ఆ యంత్రములోని మూలసూత్రము బెయిర్డుది కాదు. 1884లోనే జర్మనీలో పాల్ నిప్కో అను విద్యార్థి దానిని కనిపెట్టి యుండెను. గుండ్రని పలకలో సుడి యాకారముగా రంధ్రములు తొలిచి దానిని త్రిప్పినచో, ఒక్కొక్క రంధ్రము ఎదుటి దృశ్యముపై ఒక్కొక్క గీతవలె దాటిపోవును. దృశ్యములో వెలుగున్నచోట కాంతి హెచ్చుగాను, నీడయున్నచోట తగ్గుగాను ఆ రంధ్రముగుండా వచ్చి, వెనుకనున్న కాంతివిద్యుత్ ఘటముమీద పడును. విద్యుత్ప్రవాహము తదనుగుణముగ హెచ్చుచు తగ్గుచుండును. ఆవలికొసను అట్టి పలకయే అదే వేగముతో తిరుగుచుండగా, దాని వెనుకనున్న దీపము ఆ ప్రవాహముననుసరించి వెలుగుచు మలగుచుండును. కొరవిని గిరగిర త్రిప్పినపుడు కంటికి అగ్నివలయము కన్పట్టునట్లు, ఈ వెలుగుగీతలన్నియు కలిసి చిత్రముగా గోచరించును. నిప్కో దీనిని కాగితముమీద నిలిపెను. నలువది యేండ్లు గడచినను, ఇతరులు యత్నించినను, గుర్తింపదగిన మానవ ముఖమును వెలుగునీడల తారతమ్యముతో చూపగలిగిన వాడు లేకపోయెను.

ప్రయోగములలో ఒకనాడు తీవ్రమైన విద్యుదాఘాతము తగిలి బెయిర్డు చావు తప్పించుకొనెను. ఇంటి యజమాని గది ఖాళీ చేయుమనెను. లండనులోని సోహో ప్రాంతమున ఫ్రిత్ వీధి 22వ నంబరు ఇంటి మేడగదికి ఆయన మకాము మారెను. 1925 మార్చిలో సెల్‌ఫ్రిడ్జ్ వారి పెద్ద దుకాణములో జనులకు ఛాయాకృతులను మాత్రము చూపగలిగెను. అదే సంవత్సరము అక్టోబరు 2వ తేదీన, కొంతకాలముగా దీపముల ఎదుట నిలుపుచు వచ్చిన ఒక కొయ్యబొమ్మ తల యొక్క కన్నులు, ముక్కు, నోరు తెరమీద స్పష్టపడినవి. బెయిర్డు మెట్లు దిగి పరుగెత్తి, క్రింది కార్యాలయములో పనిచేయు విలియం టేంటన్ అను కుఱ్ఱవానిని పట్టుకొని వచ్చి యంత్రము నెదుట కూర్చుండబెట్టెను. పిమ్మట ప్రక్కగదిలోనికి పోయి చూడగా తెరమీద ఏమియు లేదు! దీపముల వేడికి తాళలేక ఆ కుఱ్ఱవాడు వెనుకకు జరిగిపోయి యుండెను. రెండున్నర షిల్లింగులు చేతిలో పెట్టి బెయిర్డు వానిని తిరిగి కూర్చుండబెట్టెను. టెలివిజనులో కనిపించిన మొదటి మనుష్యుడు ప్రతిఫలము పుచ్చుకొనియే కనిపించెనని చెప్పవచ్చును. 1926 జనవరి 26వ తేదీ రాత్రి రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యులు ఇరుకు మెట్లెక్కి వచ్చి, ఆ మేడగదిలో ఆ వింతను కన్నులార చూచిరి.

తరువాతి యేండ్లు త్వరత్వరగా గడచినవి. 1927లో టెలిఫోను తీగలమీదుగా లండనునుండి గ్లాస్గోకు, 1928లో అట్లాంటిక్ మహాసముద్రమును దాటి న్యూయార్కు సమీపమునకు ఆయన చిత్రములను పంపెను. ఆ సంవత్సరముననే రంగుల చిత్రములను కూడ చూపెను. ప్రసార సంస్థ మాత్రము తలుపులు అంత సులభముగా తెరువలేదు. రీత్‌కు టెలివిజనుపై మక్కువ తక్కువ. తుదకు 1929 సెప్టెంబరు 30వ తేదీన సంస్థవారి యంత్రముద్వారా బెయిర్డు ప్రసారములు ప్రయోగాత్మకముగా మొదలిడినవి. లభించిన ప్రసారయంత్రము ఒక్కటియే యగుటచే మొదట చిత్రము కొంతసేపు, పిదప శబ్దము కొంతసేపు పంపవలసివచ్చెడిది. 1930 మార్చి నుండియే రెండును ఏకకాలమున వినవచ్చినవి, కనవచ్చినవి. ఆ జూలైలో పిరాండెలో నాటకమొకటి ప్రసారమయ్యెను. 1931లో ఎప్సం మైదానమునందలి డెర్బీ గుఱ్ఱపుపందెమును పంపిరి. ఆ యేడే బెయిర్డు మార్గరెట్ ఆల్బూ అను దక్షిణాఫ్రికా పియానో విదుషీమణిని వివాహమాడెను.

కాని చిత్రములో ఉన్నవి ముప్పది గీతలే. ముఖమునకు అవి చాలును, రంగస్థలమునకు చాలవు. ఈలోపల ఇ.ఎమ్.ఐ. కంపెనీలో ఐజాక్ షోన్‌బర్గ్ నాయకత్వమున బ్లమ్‌లైన్ మొదలగు ఇంజనీర్లు తిరుగుపలక లేని, కదలు భాగములే లేని, కేవలము ఎలక్ట్రానులతో పనిచేయు కెమేరాను సిద్ధపరచుచుండిరి. ఈ రెంటికిగల భేద మెట్టిదో ఒక ఉపమానముచే తెలియగలదు. వర్షములో వేయి చెంబులను నింపవలెననుకొందము. ఒక్కొక్క చెంబును ఒక్క క్షణము వానలో పెట్టి తీసివేయుట ఒక పద్ధతి. చెంబులన్నిటిని వానలోనే ఉంచి, వంతు వచ్చినపుడు ఒక్కొక్కదాని నీటిని వంపుకొనుట మరియొక పద్ధతి. పలకలోని రంధ్రము మొదటిదానివంటిది. వచ్చిన వెలుగులో అత్యల్పభాగమే దానికి దక్కును. ఎలక్ట్రాను కెమేరా రెండవదానివంటిది. ప్రతి బిందువుమీద పడిన వెలుగును విద్యుద్రూపమున అది నిలువచేసికొనును. గీతల సంఖ్య పెరిగినకొలది రంధ్రము చిన్నది కావలెను, వెలుగు ఇంకను తగ్గవలెను. బెయిర్డు పద్ధతికి గోడ అడ్డము వచ్చిన దిక్కడనే.

ప్రభుత్వము నియమించిన సెల్స్‌డన్ సంఘము 1935 జనవరిలో నివేదిక నిచ్చెను. 240 గీతలకు తక్కువకాని చిత్రములు కావలెననియు, బెయిర్డు, మార్కోనీ-ఇ.ఎమ్.ఐ. కంపెనీల పద్ధతులు రెంటిని ఒకే కేంద్రమునుండి వంతులవారీగా పరీక్షింపవలెననియు దాని సారాంశము. ఆ సెప్టెంబరులో ముప్పది గీతల ప్రసారము లాగిపోయినవి. మరుసటి యేడు నవంబరున, ఎవరు ముందన్న విషయము నాణె మెగురవైచి తేల్చిరి. బెయిర్డు పక్షము గెలిచెను. కాబట్టి ప్రారంభోత్సవము మొదట ఆయన యంత్రములపైనను, పిదప అవే ప్రసంగములతో రెండవసారి ప్రత్యర్థుల యంత్రములపైనను జరిగెను! నటీమణి అడెల్ డిక్సన్ టెలివిజనును గూర్చియే కట్టిన పాటను పాడెను. ఆ పిమ్మట ఒక వారము వీరిది, ఒక వారము వారిది. ఆదివారము తప్ప ప్రతిదినము మధ్యాహ్నము ఒక గంట, రాత్రి ఒక గంట ప్రసారము.

బెయిర్డు వారము వచ్చినదనిన నటీనటులకు గుండె దడ. ఒక గదిలో చీకటిలో నిలువవలెను. తిరుగు పలకగుండా వచ్చు వెలుగురేఖ మిణుకుమిణుకుమనుచు ముఖముపై ప్రాకుచుండును. ఆ యంత్రమునకు కనబడుటకై ముఖమునకు వింతరంగులు పూసికొనవలెను. మరియొక గదిలో దృశ్యమును మొదట సినిమా ఫిల్ముమీద తీసి, ఆ ఫిల్మునే సయనైడు కలిసిన ద్రవముల తొట్లలో కడిగి, సుమారు ఒక నిముషము ఆలస్యముగా ప్రసారము చేయుదురు. ఆ కెమేరా నేలకు బిగింపబడినట్టిది, అంగుళము కదలదు. అమెరికా శాస్త్రజ్ఞుడు ఫార్న్స్‌వర్త్ కనిపెట్టిన కెమేరాను తెచ్చి వాడినను దానికి వెలుగు చాలలేదు. ప్రత్యర్థుల కెమేరా బండిచక్రములమీద తిరిగెను, తోటలోనికి పోయెను, తక్షణము 405 గీతల చిత్రమును చూపెను.

ఇక్కడ ఒక విషయము మరువరాదు. కంపెనీకి బెయిర్డు పేరున్నను అధికారము 1933 నాటికే ఆయన చేతిలో లేదు. ధనము పెట్టిన సినిమా సంస్థవారు సాంకేతిక వ్యవహారములను ఇతరులకప్పగించి యుండిరి. ఆయన తన యింటిలోని సొంత ప్రయోగశాలలో రంగుల టెలివిజనుపై కృషి చేసికొనుచుండెను. అలెగ్జాండ్రా పాలెస్‌లో తడబడిన యంత్రములలో పెక్కింటిని నడపినవారు పరులు. ఓటమికి తగిలించిన పేరు మాత్రము ఆయనది.

నవంబరు 30వ తేదీ రాత్రి, ప్రారంభోత్సవమునకు నాలుగు వారములు నిండగానే, క్రిస్టల్ పాలెస్ అను ఆ మహా గాజుభవనము తగులబడిపోయెను. బెయిర్డు కంపెనీ ప్రయోగశాలలలో అధికభాగము అక్కడనే యుండినవి. అవియును భస్మమైనవి. 1937 జనవరి 30వ తేదీన బెయిర్డు పద్ధతిపై కడపటి ప్రసారము జరిగెను. ఫిబ్రవరిలో 405 గీతల పద్ధతియే నిలిచినట్లు ప్రకటించిరి. మే 12వ తేదీన ఆరవ జార్జి పట్టాభిషేకపు ఊరేగింపును హైడ్ పార్కు మూలనుండి ప్రసారము చేసిన కెమేరాలు ప్రత్యర్థులవే. జూనులో వింబుల్డన్ టెన్నిసును చూపినవియు అవే. ఆ 405 గీతలు బ్రిటనులో 1985 జనవరి వరకు కొనసాగినవి.

ఈ నిర్ణయము అన్యాయమని చెప్పుట న్యాయము కాదు. కన్నులున్న వారెవరైనను ఆ తీర్పే చెప్పియుందురు. కాని ఆ మేడగదిలోని బొమ్మముఖము కనబడకపోయినచో, ముప్పది గీతల మసకచిత్రము కోసము జనులు ఆసక్తి చూపకపోయినచో, సంఘము లేర్పడుటయు, పెద్ద కంపెనీలు ధనము వెచ్చించుటయు ఇంకను ఎన్నేండ్లు ఆలస్యమయ్యెడివో! ఆయన లోపమును దాచనక్కరలేదు: పలకపై మమకారము ఆయనను ఆ పలకతో గీయగల తుదిగీత వరకు ఈడ్చుకొని పోయెను. అయినను, ఓడిన పిమ్మట తన పాత త్రోవను తానే విడువగలిగెను. ఈ గుణమును లోకము అంతగా గుర్తింపలేదు.

1939 సెప్టెంబరు 1వ తేదీన యుద్ధము కారణముగ టెలివిజను మూతపడెను. కంపెనీ దివాలా తీసెను. బెయిర్డు ఏబది యేండ్లు దాటి, రాబడి లేక, బాంబులు పడుచున్న లండనులో సొంత డబ్బుతో ఒకరిద్దరు సహాయకులను పెట్టుకొని పనిచేసెను. 1944 ఆగస్టులో ఆయన విలేఖరులకు చూపిన రంగుల గ్రాహకనాళములో తిరుగు పలక లేదు, కదలు భాగము లేదు. అది సంపూర్ణముగ ఎలక్ట్రాను యంత్రము.

1946 జూన్ 7వ తేదీన ప్రసారములు పునఃప్రారంభమయ్యెను. మరునాడు లండను వీధులలో విజయోత్సవపు కవాతును కెమేరాలు చూపినవి. ఆ వేళ బెయిర్డు బెక్స్‌హిల్ అను సముద్రతీరపు ఊరిలో మంచము పట్టి యుండెను. ఆ నెల 14వ తేదీన, ఏబదియేడవ యేట, అక్కడనే కన్నుమూసెను. భార్యయు, ఒక కుమార్తె, ఒక కుమారుడును మిగిలిరి. ఆయన దేహమును హెలెన్స్‌బరోకు గొనిపోయి, తలిదండ్రులున్న శ్మశానములోనే ఖననము చేసిరి.