పెన్నీ కానుక, పన్నెండుమంది సహవాసం: జాన్ వెస్లీ జీవితం

మెథడిస్టు అన్న మాట ఈనాడు ఒక పెద్ద క్రైస్తవ శాఖకు పేరు. కాని పుట్టినప్పుడు అది ఎగతాళి మాట. పెట్టినవాళ్ళు కాలేజీ కుర్రాళ్ళు. పెట్టించుకున్నవాళ్ళూ కాలేజీవాళ్ళే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నలుగురు యువకులు ఒక గదిలో చేరి, వేళ తప్పకుండా బైబిలు చదువుకుంటూ, ఉపవాసాలుంటూ, పద్ధతి ప్రకారం బతుకుతూ వుంటే తోటివాళ్ళు నవ్వుతూ తగిలించిన పేర్లలో అదొకటి. ఆ గుంపుకు నాయకుడు జాన్ వెస్లీ. ఈ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు ఈయనే గుర్తుకొచ్చాడు. అందుకు నా సొంత కారణం కూడా ఒకటుంది. అది చివర్లో చెబుతాను.

వెస్లీ 1703లో ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి శామ్యూల్ ఆ వూరి చర్చి గురువు. తల్లి సుసన్నా. ఆ దంపతులకు పుట్టిన 19 మంది పిల్లల్లో చాలామంది పసితనంలోనే పోయారు. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి వాళ్ళ ఇల్లు తగలబడింది. అందరూ బయటపడ్డాక చూసుకుంటే అయిదేళ్ళ జాన్ లేడు. పైగది కిటికీ దగ్గర పిల్లవాడు కనిపిస్తే, ఒకరి భుజాలమీద ఒకరు నిలబడి ఇరుగుపొరుగు వాళ్ళు కిందికి దించారు. ఆ వెంటనే కప్పు కూలిపోయింది.

సుసన్నాగారి సంగతి రెండు మాటలు చెప్పాలి. అంత సంసారంలోనూ ఆమె వారంలో ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క బిడ్డకు కేటాయించి, పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ మనసులో ఏముందో కనుక్కునేది. జాన్ వంతు గురువారం. పెద్దయ్యాక కూడా ఆ గురువారాల్ని ఆయన మరచిపోలేదు. భర్త వూళ్ళో లేని రోజుల్లో ఆమె ఆదివారం సాయంత్రాలు ఇంట్లోనే ప్రార్థన పెడితే చుట్టుపక్కలవాళ్ళు 200 మంది దాకా వచ్చేవారట. తర్వాతి రోజుల్లో వెస్లీ చేసిన పనికి విత్తనం ఆ ఇంట్లోనే పడిందని నా వుద్దేశం.

1720లో ఆయన ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కాలేజీలో చేరాడు. 1726లో లింకన్ కాలేజీకి ఫెలోగా ఎన్నికయ్యాడు. తండ్రికి సహాయంగా కొంతకాలం పల్లెలో పనిచేసి 1729లో తిరిగి వచ్చేసరికి, తమ్ముడు చార్లెస్ ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని కూడగట్టి వున్నాడు. జాన్ దానికి పెద్దయ్యాడు. సాయంత్రాలు కలిసి చదువుకోవడం, గ్రీకు భాషలో కొత్త నిబంధన పరిశీలించడం, వారం వారం ప్రభు సంస్కారం తీసుకోవడం, బుధ శుక్రవారాల్లో ఉపవాసం. 1730లో విలియం మోర్గన్ అనే సభ్యుడు వాళ్ళని జైలుకు తీసుకుపోయాడు. అప్పటినించి ఖైదీల్ని చూడడం, పేద పిల్లలకు చదువు చెప్పడం కూడా నియమంలో చేరాయి. ధనికుల పిల్లలకు సేవచేస్తూ చదువుకునే జార్జి విట్‌ఫీల్డ్ అనే పేద విద్యార్థి కూడా తర్వాత వీళ్ళలో కలిశాడు. వెస్లీ ఖర్చు సంగతి చూడండి. ఏడాదికి 30 పౌన్లు వచ్చినప్పుడు 28తో గడిపి 2 దానమిచ్చాడు. 60 వచ్చినప్పుడు కూడా 28తోనే గడిపి 32 ఇచ్చేశాడు.

ఇంత మంచి గుంపులో లోపమేమిటి? నేను చాలాసార్లు ఆలోచించాను. మోర్గన్ 1732లో జబ్బుచేసి చనిపోయాడు. అతిగా ఉపవాసాలు చేయించి చంపారని లోకం నింద వేసింది. వెస్లీ అతని తండ్రికి వివరంగా వుత్తరం రాశాడు. మరుసటేడు ఆ తండ్రి తన రెండో కొడుకును వెస్లీ దగ్గరే చదువుకు పెట్టాడు. కాబట్టి ఆ నింద నిలవలేదు. అసలు లోపం వేరే. ఆ గుంపులో ప్రతివాడూ తన ఆత్మను తానే రక్షించుకోవాలని కష్టపడుతున్నాడు. లెక్కలు, నియమాలు, పట్టికలు అన్నీ వున్నాయి. శాంతి ఒక్కటే లేదు.

ఆ సంగతి సముద్రంమీద బయటపడింది. 1735లో ఆయన అమెరికాలోని జార్జియాకు ఓడ ఎక్కాడు. 1736 జనవరిలో తుపాను. తెరచాప చిరిగిపోయి, నీళ్ళు ఓడలోకి వచ్చి పడుతుంటే ఇంగ్లీషువాళ్ళు కేకలు పెడుతున్నారు. మొరేవియన్లనే జర్మను విశ్వాసులు మాత్రం పిల్లా పాపలతో సహా నిబ్బరంగా కీర్తన పాడుతూనే వున్నారు. తనకు చావంటే భయమని వెస్లీకి ఆనాడు తెలిసింది. జార్జియాలో పని కూడా చెడింది. తాను మనసుపడిన సోఫియా హాప్‌కీ అనే యువతి మరొకరిని పెళ్ళాడింది. కొన్ని నెలలకు వెస్లీ ఆమెకు ప్రభు సంస్కారం ఇవ్వడానికి నిరాకరించాడు. నియమం ప్రకారమే చేశానన్నాడు. వూరు నమ్మలేదు. కోర్టు గొడవలు వచ్చాయి. 1737 డిసెంబరులో తిరుగు ఓడ ఎక్కాడు. ఇతరుల్ని మార్చడానికి వచ్చిన తానే మారలేదని ఆ ప్రయాణంలో రాసుకున్నాడు. గొప్పవాళ్ళ జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి దాచేయడం మన అలవాటు. దాస్తే మాత్రం ఈ కథలో అర్థం మిగలదు. ప్రేమలేని క్రమశిక్షణ ఎదుటివాణ్ణి కొట్టే కర్ర అవుతుంది.

లండను చేరాక పీటర్ బోలర్ అనే మొరేవియన్ యువకుడు ఆయనకు విశ్వాసమంటే ఏమిటో ఓపికగా బోధించాడు. తర్వాత ఫెటర్ లేన్ వీధిలో కూడుతూ వచ్చిన ఒక చిన్న సహవాసం 1738 మే 1న మొదలైంది. మే 24 సాయంత్రం ఆల్డర్స్‌గేట్ వీధిలో అలాంటి కూటానికే ఆయన ఇష్టం లేకుండా వెళ్ళాడు. ఎవరో లూథరు రోమా పత్రికకు రాసిన పీఠిక చదువుతున్నారు. క్రీస్తు తన పాపాల్ని కూడా తీసివేశాడన్న నమ్మకం తొమ్మిది గంటలవుతుండగా ఆయనకు కలిగింది. గమనించండి. ఇది పెద్ద చర్చిలో జరగలేదు, వేలమంది సభలో జరగలేదు. పదిమంది కూర్చున్న గదిలో జరిగింది.

వేలమంది సభలు తర్వాత వచ్చాయి. 1739 ఏప్రిల్‌లో విట్‌ఫీల్డ్ పిలుపు మీద బ్రిస్టల్ వెళ్ళి ఆరుబయట ప్రసంగించడం మొదలుపెట్టాడు. చర్చి గడప తొక్కని బొగ్గుగని కూలీలు కూడా వచ్చి విన్నారు. కాని విన్నవాడు మర్నాడు మళ్ళీ సారాకొట్టుకు పోకుండా చూసేదెవరు?

దీనికి జవాబు ప్రార్థనలో రాలేదు, అప్పులో వచ్చింది. బ్రిస్టల్‌లో కట్టిన ప్రార్థన మందిరానికి అప్పు మిగిలింది. 1742 ఫిబ్రవరి 15న అందరూ కూర్చుని ఆలోచిస్తుంటే ఫోయ్ అనే ఓడ కెప్టెన్ లేచి మనిషికి వారానికి ఒక పెన్నీ వేసుకుందామన్నాడు. చాలామంది బీదవాళ్ళు, అదీ ఇచ్చుకోలేరని మరొకరు అన్నారు. అయితే అందరిలోకి బీదవాళ్ళని పదకొండుమందిని నాకు అప్పగించండి, ప్రతి వారం వాళ్ళ ఇళ్ళకు నేనే వెళ్తాను, ఇవ్వలేనివాళ్ళ వంతు నేనే వేస్తాను అన్నాడు ఆ కెప్టెన్. మిగతావాళ్ళూ ఒప్పుకున్నారు. పన్నెండేసిమందికి ఒక నాయకుడు. దానికి క్లాసు అని పేరు. చదువుల క్లాసు కాదు, మనుషుల క్లాసు.

పెన్నీ కోసం ఇంటింటికీ తిరిగిన నాయకులకు పెన్నీకి మించినవి కనిపించాయి. ఒకచోట జబ్బు, ఒకచోట మొగుడూపెళ్ళాల తగువు, ఒకచోట తాగుడు. ఈ సంగతులు వినగానే తాను ఎంతోకాలంగా వెతుకుతున్నది ఇదేనని వెస్లీ గ్రహించాడు. తర్వాత ఇళ్ళకు తిరగడం బదులు పన్నెండుమందీ వారానికోసారి ఒకచోట కూడడం అలవాటైంది. ఒక్కొక్కరినీ ఈ వారం నీ ఆత్మ ఎలా వుందని అడగడం, విని ధైర్యం చెప్పడం, అవసరమైతే మందలించడం, ప్రార్థించి లేవడం. అంతే. సేవకురాలు, చెప్పులు కుట్టేవాడు, చదువురాని గని కూలీ అందరూ నోరు విప్పారు. ఆడవాళ్ళు కూడా క్లాసు నాయకులయ్యారు. ఇంకా లోతుగా మనసు విప్పదలచుకున్నవాళ్ళకు బ్యాండులనే మరీ చిన్న గుంపులుండేవి.

ఇదంతా మెత్తగా నడిచిందనుకోకండి. 1743లో న్యూకాసిల్ సంఘాన్ని పరిశీలించి 64 మందిని తీసేశారు. అందులో తాగుడుకు 17 మంది, పెళ్ళాన్ని కొట్టినందుకు ఒకడు, నిర్లక్ష్యంగా వున్నందుకు 29 మంది. తాగినవాళ్ళకంటే పట్టనివాళ్ళే ఎక్కువన్నమాట.

ఆయన సొంత జీవితం మాత్రం ఒంటరిది. 1751లో చేసుకున్న పెళ్ళి కలిసిరాలేదు. ఎప్పుడూ ప్రయాణంలోనే వుండేవాడు. భార్య విడిచి వెళ్ళిపోయింది. 1781లో ఆమె చనిపోతే సమాధి చేసిన తర్వాతగాని ఆయనకు కబురు తెలియలేదు. వేలమందికి వారం వారం క్షేమమడిగే మనుషుల్ని ఏర్పాటు చేసినవాడి ఇంట్లో అలా జరిగింది. చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

గుర్రంమీదా బండిలోనూ రెండున్నర లక్షల మైళ్ళు తిరిగి, 40,000 పైచిలుకు ప్రసంగాలు చేసి, 1791 మార్చి 2న తన 87వ ఏట లండనులో ఆయన కన్నుమూశాడు. అంతకు ఆరు రోజుల ముందు కూడా బానిస వ్యాపారం మాన్పించే పోరాటం విడవవద్దని విల్బర్‌ఫోర్స్‌కు వుత్తరం రాశాడు. అప్పటికి బ్రిటన్, ఐర్లండుల్లోనే సభ్యులు 70,000 దాటారు. వెస్లీ మన దేశం రాలేదు. ఆయన సంప్రదాయానికి చెందిన మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన మెదక్ చర్చి 1924లో ప్రతిష్ఠ జరుపుకుంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ మెథడిస్టులూ అందులో కలిశారు. మనలో చాలామంది ఆ మెట్లమీద కూర్చుని ఫొటోలు దిగినవాళ్ళమే.

ఇక నా సొంత కారణం. మా హాస్టల్లో ఆరుగురం శుక్రవారం రాత్రిళ్ళు వాక్యం చదువుకునేవాళ్ళం. నిరుడు ఒకతను రావడం మానేశాడు. మేం ప్రతి వారం అతని పేరెత్తి ప్రార్థన చేశాం. అతని గది మాకు రెండు గదుల అవతలే. ఒక్కరం తలుపు తట్టలేదు. ఒక రోజు చూస్తే గది ఖాళీ. డబ్బు కట్టలేక చదువు మానుకుని వూరెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. ఆ రోజుల్లోనే వెస్లీ జీవితం చదివాను. మేం ఆక్స్‌ఫర్డ్ గుంపులా వున్నాంగాని బ్రిస్టల్ గుంపులా లేమని అర్థమైంది. ఎవరి భక్తి వాళ్ళు చూసుకున్నాం. పదకొండుమందిని కాదుగదా, ఒక్కణ్ణి కూడా నాకు అప్పగించండని ఎవరం అనలేదు.

సంక్రాంతి సెలవుల్లో అతని వూరు వెళ్ళాను. వాళ్ళమ్మగారు అన్నం పెట్టారు. అతను ముందు మాట్లాడలేదు, తర్వాత చాలాసేపు మాట్లాడాడు. ఇంకా కాలేజీకి తిరిగి రాలేదు. ప్రతి శుక్రవారం మాలో ఒకరం అతనితో ఫోనులో మాట్లాడుతున్నాం, ఫీజుకు తలా కొంత తీసి పెడుతున్నాం.

మిత్రులారా, మీరు ఏ మతస్థులైనా సరే, మీ వరసలో మూసివున్న తలుపు ఒకటి వుండే వుంటుంది. ఈ సంచిక పక్కన పెట్టి ఒకసారి వెళ్ళి తట్టి చూడండి.